వజీఫా నుండి పెన్షన్ దాకా

నెల మొదట్లో మన ఇండ్లలో తరచుగా వినిపించే ఇంగ్లీషు మాట 'పెన్షన్'. ఊళ్ళలో 'పింఛను'గా స్థిరపడిన ఈ మాట చరిత్రను పెన్షనర్లే కాక వారి పిల్లలు కూడా తెలుసుకోవాలి.

దీనికి మూలం లాటిన్ భాషలోని 'పెండెరె'. తూచడం, చెల్లించడం అని అర్థం. నాణేలను తూచి చెల్లించిన కాలపు మాట అది.

నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. అందుచేత నల్లగొండ, మహబూబ్‌నగర్ కచేరీలలో పదవీ విరమణ వేతనాన్ని 'వజీఫా' అన్నారు. ఈ అరబ్బీ మాటకు క్రమం తప్పక అందే భృతి అని అర్థం. విద్యార్థి వేతనమూ వజీఫాయే. 1948లో హైదరాబాదు విలీనం, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత ఫైళ్ళలో ఇంగ్లీషు పెరిగి 'పెన్షన్' నిలిచింది.

మాట మారినా, అది ప్రభువు దయతో ఇచ్చేదనే భావం చాలా కాలం పోలేదు. రక్షణ మంత్రిత్వ శాఖ ఆర్థిక సలహాదారుగా 1972లో పదవీ విరమణ చేసిన డి.ఎస్. నకారా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979 మార్చి 31కి ముందు విరమించిన వారికి మెరుగైన పెన్షన్ సూత్రం వర్తించకపోవడమే వివాదం. 1982 డిసెంబరు 17న రాజ్యాంగ ధర్మాసనం ఆ విభజనను కొట్టివేసింది. పెన్షన్ యజమాని ఇష్టాన్ని బట్టి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా జరుపుకోవడం అందుకే.

ఇప్పుడు ఇదే మాటకు వాడుకలో మరికొన్ని అర్థాలున్నాయి. వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే 'పింఛను' సామాజిక భద్రత. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ పథకం ప్రారంభించగా, తెలంగాణలో 2014లో 'ఆసరా' వచ్చింది. దానికి ఉద్యోగ సేవతో సంబంధం లేదు. అవసరమే ప్రమాణం.

మూడవ అర్థం మన పిల్లలకు సంబంధించినది. 2004 సెప్టెంబరు 1 నుండి రాష్ట్ర ఉద్యోగంలో చేరిన వారికి భాగస్వామ్య పెన్షన్ పథకం తెచ్చారు. మన పెన్షన్‌కు చివరి జీతం, సర్వీసు ఆధారం. అందులో ఉద్యోగి, ప్రభుత్వం జమ చేసిన సొమ్ము మార్కెట్టు రాబడిని బట్టి పెరుగుతుంది. చివరికి ఎంత వస్తుందో ముందుగా హామీ లేదు.

కనుక కొత్త ఉద్యోగంలో చేరిన మనుమడు "పెన్షన్ ఉంది తాతా" అంటే, ఏ పెన్షనో అడిగి తెలుసుకోండి. పేరు ఒకటే అయినంత మాత్రాన హక్కు ఒకటే కాదు.