లీటరు తేనె, వీశె బరువు

వేసవి సెలవులకి ఊరెళ్లిన మేం నలుగురం సంతలో ఒక లెక్క చూసి ఆగిపోయాం. షావుకారు తేనెని లీటరు సీసాల్లో పోయించుకుంటున్నాడు, డబ్బు మాత్రం సీసాకి ఒక కిలో చొప్పున ఇస్తున్నాడు. తేనె తెచ్చిన మన పెద్దాయన్ని అడిగితే, "సీసా నిండితే కిలోయే కదరా" అన్నాడు.

కాదు. నీళ్లయితే లీటరు కిలో. తేనె అంతకన్నా బరువు, లీటరు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. అయిదు సీసాలు పోస్తే ఏడు కిలోలిచ్చి అయిదింటికే డబ్బు తెచ్చుకున్నట్టు.

ఈ తికమక నిన్న మొన్నటిది కాదు. తాతల కాలంలో కొలతకి సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. తూకానికి పలం, వీశె, మణుగు. మద్రాసు లెక్కలో 3 తులాలు పలం, 40 పలాలు వీశె, 8 వీశెలు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి 120 తులాల వీశె ఇప్పటి 1.4 కిలోలు. అంటే లీటరు తేనె దాదాపు ఒక వీశె! తేనెని చూసి ఎవరూ వీశె పెట్టలేదు, అలా కలిసొచ్చిందంతే. గుర్తుపెట్టుకోడానికి మాత్రం ఇంతకన్నా తేలికైంది మాకు దొరకలేదు. చిన్నప్పుడు వీశెడు గుద్దులు తిన్నవాళ్లం, ఆ మాట మనకి కొత్తా?

అసలు చిక్కు శేరుతో. మద్రాసు తూకం శేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. పక్కా శేరు 80 తులాలు, 933 గ్రాములు. ఇవి కాక గింజలు కొలిచే శేరు ఇంకోటి, అది అసలు తూకమే కాదు, పాత్ర. చదువులేని ఊళ్లో కొనేవాడు ఏ శేరంటే అదే శేరు.

1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు దశలవారీగా వచ్చాయి. అదే 1956లో విశాఖపట్నం కేంద్రంగా మన జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం దాని చేతికొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెని సేకరించి అమ్ముకునే హక్కు మనకే రాసింది. ఇన్ని చట్టాలొచ్చినా, డిపో దూరమైన ఊళ్లో ఇంకా సీసాదే రాజ్యం.

ఒక మాట దాచకూడదు. అన్ని తేనెలూ ఒకేలా తూగవు. నీరు 20 శాతం ఉంటే లీటరు 1.41 కిలోలు, 25 శాతం ఉంటే 1.38 దగ్గర ఆగుతుంది. ఎంత పలచగున్నా కిలోకి మాత్రం దిగదు.

ఆ సాయంత్రం పెద్దాయన ఇంటి దగ్గర త్రాసు కట్టాం. ఒక పళ్లెంలో నీళ్ల సీసా, ఇంకో పళ్లెంలో అదే సైజు తేనె సీసా. తేనె పళ్లెం టక్కున కిందికి దిగింది. ఆయన కాసేపు దాన్నే చూసి, ఇన్నేళ్లలో ఎన్ని సీసాలు పోశాడో వేళ్ల మీద లెక్కపెట్టుకోడం మొదలెట్టాడు.