మైల అంటే మురికేనా? ఒక మాట వెనక కథ

ఈ ఎపిసోడ్‌లో మన ఇళ్ళల్లో తరచూ వినపడే ఒక చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. "మైల". "అది ముట్టుకోకు, మైల పడుతుంది", "వాళ్ళకి మైల, పదకొండో రోజు దాకా వెళ్ళకూడదు". వినే ఉంటారు కదా? నిఘంటువు తీస్తే మాసినది, మురికి అని ఉంటుంది. మరి మురికైతే సబ్బు పెట్టి రుద్దితే పోవాలిగా! నాకు ఈ మాట మీద ఆసక్తి పుట్టింది అక్కడే.

ముందు ఇది ఎక్కడి మాటో చూద్దాం. సంస్కృతంలో "మలిన" అంటే మాసిన అని. అది ప్రాకృతంలోకి, అంటే జనం నోళ్ళల్లోకి వచ్చేసరికి నలిగి "మఇల" అయింది. 12వ శతాబ్దంలో గుజరాత్‌లో హేమచంద్రుడు రాసిన ప్రాకృత వ్యాకరణంలో ఈ మార్పుకి సూత్రం కూడా ఉంది. మన మైల, హిందీవాళ్ళ మైలా, రెండూ దాని పిల్లలే.

పాత రోజుల్లో ఈ మాటలో ఇంత భయం లేదండీ. ఋగ్వేదం పదో మండలంలో, 136వ సూక్తంలో, జుట్టు పెంచుకుని తిరిగే మునులు కనిపిస్తారు. వాళ్ళు మాసిన బట్టలు కట్టుకుంటారని చెప్పడానికి అక్కడ వాడింది "మల" అనే మాటే. అది తిట్టు కాదు, ఆ మునులని గొప్పగా చెబుతున్న సూక్తం అది. ఆయుర్వేదంలో చెమట కూడా ఒక మలమే. ఒంట్లోంచి బయటికి పోయేది, అంతే. మీ క్లాసులో నిర్మల, విమల, అమల ఉన్నారనుకోండి, ముగ్గురి పేర్లకీ అర్థం ఒకటే, మరక లేనిది అని. (మలేరియాకీ దీనికీ చుట్టరికం లేదు. అది ఇటలీ మాట, చెడ్డగాలి అని.)

కథ మలుపు తిరిగింది ధర్మశాస్త్రాల దగ్గర. అక్కడ దీన్ని ఆశౌచం అన్నారు, మన ఇళ్ళల్లో దాన్నే మైల అంటాం. మనుస్మృతి ఐదో అధ్యాయం ప్రకారం ఇంట్లో ఎవరైనా పోతే బ్రాహ్మణుడికి 10 రోజులు, క్షత్రియుడికి 12, వైశ్యుడికి 15, శూద్రుడికి నెల. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. చావు అందరికీ ఒకటే. మరి ఒకరికి పది రోజుల్లో పోయేది, ఇంకొకరికి నెల పట్టడమేంటి? ఇది మురికి లెక్క కాదు, ఎవరు పైన, ఎవరు కింద అనే లెక్క. నెలసరి వచ్చిన ఆడపిల్లకి మూడు రోజులన్నారు. కొన్ని కులాలకైతే ఎన్ని రోజులైనా, ఎన్ని తరాలైనా తీరదన్నారు. నెలసరికి మనవాళ్ళు వాడే మాటలు చూడండి, ముట్టు, అంటు. రెండింటికీ తాకడం అనే అర్థం. అంటరానితనం అనే మాట పుట్టింది కూడా ఆ "అంటు" నుంచే.

మైలకి ఎదురుమాట మడి. తెలుగులో, కన్నడలో రెండిట్లోనూ ఉంది. బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్ళకి మడివాళ అనే ఏరియా తెలిసే ఉంటుంది. కన్నడలో మడివాళ అంటే బట్టలు ఉతికేవాళ్ళు. అంటే మడి తయారుచేసేదే వాళ్ళు! మన ఊళ్ళల్లో కూడా పురిటి బట్టలు, ముట్టు బట్టలు చాకలి ఆడవాళ్ళే ఉతికేవాళ్ళు. ఉతికి శుభ్రం చేసిన మనిషిని మాత్రం మడి కట్టుకున్నవాళ్ళు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. నాకైతే మొత్తం కథలో అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఇదే.

హిందీలో ఈ మాట ఇంకా కిందికి దిగింది. అక్కడ "మైలా" అంటే మనుషుల మలం కూడా. "మైలా ఢోనా" అంటే దాన్ని చేతులతో ఎత్తి, తట్టలో మోసుకెళ్ళడం. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది 1950లో. ఈ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది మాత్రం 1993లో, అది చాలక 2013లో ఇంకొకటి. ఈ పని చేసిన కుటుంబంలోనే, కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్ దీనిమీద దశాబ్దాలుగా పోరాడుతున్నారు. పేరులోనే బెజవాడ ఉంది చూడండి. 2016లో ఆయనకి మెగసెసె అవార్డు వచ్చింది.

అయినా మ్యాన్‌హోళ్ళలో దిగి ఊపిరాడక చనిపోవడం ఆగలేదు. 2014లో సుప్రీంకోర్టు అలా పోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది.

మీ ఇంట్లో మైలకి ఇంకేం మాట వాడతారు? ఏ జిల్లానో కూడా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో "ఎంగిలి" గురించి మాట్లాడుకుందాం.