నగారా

ఎన్నికల షెడ్యూలు రాగానే మన పత్రికలు ‘నగారా మోగింది’ అని రాస్తాయి. నిజానికి జరిగేది విలేకరుల సమావేశం! అసలు నగారా కావాలంటే నాందేడ్ వెళ్లాలి. గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన ఆ ఊళ్లో, హజూర్ సాహిబ్ గురుద్వారాలో, అది ఇంకా మోగుతోంది.

కొట్టడమనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి ‘నక్కారా’ పుట్టింది. పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చి నగారా అయింది. ఇంగ్లీషులో ‘నేకర్’ కూడా దీని చుట్టమే.

బానలాంటి ఒంటికి ఒక్క మూతి, దానికే చర్మం. అందుకే దెబ్బ పైకి లేస్తుంది. రికార్డు చేసేవారు డ్రమ్ సెట్టుకు పెట్టినట్టే మైకులు పైన పెట్టడం మేలు. రెండైతే చర్మం నడిమి నుంచి సమదూరంలో ఉండాలి. 34 సెంటీమీటర్లు తేడా వస్తే ఒకదానికి శబ్దం మిల్లీసెకను ఆలస్యమై, రెండూ కలిపినప్పుడు మోత పలచబడుతుంది. కొలవడానికి దారం ముక్క చాలు.