నాటకశాల మేడ మీద శనివారం విందు

లండన్ కోవెంట్ గార్డెన్ నాటకశాలలో తెరలు రాసే జార్జ్ లాంబర్ట్‌కి బయటికెళ్లి భోంచేసి వచ్చే తీరిక ఉండేది కాదు. సురభి వారి నాటకం చూసినవాళ్లకి ఆ పని ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. కోట, అడవి, సముద్రం అన్నీ గుడ్డ మీదే పుట్టాలి, అదీ రాత్రి ఆట వేళకల్లా. లాంబర్ట్ పనిగది నాటకశాల పైఅంతస్తులో ఉండేది. చలికి ఎలాగూ నిప్పు రాజేసుకునేవాడు. ఆ నిప్పు మీదే ఇంత గొడ్డుమాంసం ముక్క కాల్చుకుని, అక్కడే తినేసి, మళ్లీ కుంచె పట్టేవాడు. ఆయన మాటకారి. కబుర్ల కోసం మెట్లెక్కి వచ్చే పెద్దమనుషులు ఆ ముక్కలో వాటా అడగడం మొదలుపెట్టారు. కిందన కూర్చుని తినే వెండి పళ్లాల విందుల కంటే ఈ రంగు డబ్బాల మధ్య తిండే బాగుందనిపించింది వాళ్లకి. అలా 1735లో పుట్టిందంటారు ‘సబ్లైమ్ సొసైటీ ఆఫ్ బీఫ్ స్టేక్స్’. ఆ మిత్రబృందం తరాలు మారుతూ 132 ఏళ్లపాటు శనివారం శనివారం కలిసి భోంచేసింది.

పుట్టుక గురించి ఇంకో కథ కూడా ఉంది. నాటకశాల యజమాని జాన్ రిచ్ గదిలో కబుర్లలో పడి పొద్దు మరిచిపోయిన పీటర్‌బరో ప్రభువు, రిచ్ తన కోసం కాల్చుకుంటున్న ముక్కని రుచి చూసి, వచ్చే వారం నా స్నేహితుల్ని కూడా తెస్తానన్నాడని. కథ బాగుంది. కానీ ఆ ప్రభువు 1735 అక్టోబరులో లిస్బన్‌లో కన్నుమూశాడు. సంఘం పుట్టినరోజుగా చెప్పుకునేది అదే ఏడాది డిసెంబరు. ఆయన రిచ్ దగ్గర తిని ఉండొచ్చు గానీ సంఘంలో కూర్చునే అవకాశం లేదు. ప్రతి సంఘమూ తన మూలపురుషుల్లో ఒక జమీందారు ఉండాలని కోరుకుంటుంది కాబట్టి ఈ కథ నిలిచింది. నా ఓటు మాత్రం తెరలు రాసే మనిషి ఆకలికే.

రిచ్ కూడా చిన్న మనిషేం కాదు. మాటలు లేకుండా ఒంటితోనే నవ్వించే హార్లెక్విన్ వేషంలో లండన్‌ను ఊపేసినవాడు. 1728లో జాన్ గే రాసిన ‘బెగ్గర్స్ ఒపెరా’ని ఆడించి డబ్బు చేసుకున్నాడు, 1732లో కోవెంట్ గార్డెన్ నాటకశాల తెరిచాడు. దొంగల కథతో నడిచే ఆ ఒపెరా ఈ సంఘం చరిత్రలో ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ తగులుతుంది, గుర్తుపెట్టుకోండి.

సభ్యుల సంఖ్య ఇరవై నాలుగు. ఒకరు పోతే లేదా మానుకుంటే గానీ ఇంకొకరికి చోటు లేదు. నవంబరు నుంచి జూన్ దాకా ప్రతి శనివారం భోజనం. నీలం కోటు, లేత పసుపు వెయిస్టుకోటు, వాటికి ఇత్తడి బొత్తాలు, బొత్తాల మీద మాంసం కాల్చే ఇనుప చువ్వల గ్రిల్లు బొమ్మ, దాంతోపాటు ‘బీఫ్ అండ్ లిబర్టీ’ అన్న నినాదం. తమది క్లబ్బు అంటే వాళ్లకి మండేది. తమను తాము ‘స్టేకులు’ అని పిలుచుకునేవారు. అంతకు ముప్పై ఏళ్ల ముందే లండన్‌లో ఒక బీఫ్‌స్టేక్ క్లబ్బు ఉండేది. రిచర్డ్ ఎస్ట్‌కోర్ట్ అనే నటుడు మెడలో బంగారు గ్రిల్లు వేలాడదీసుకుని దానికి వంటపెద్దగా ఉండేవాడు. దాంతో తమను కలిపి లెక్కేస్తారేమోనన్న బెంగ కూడా ఆ మంటలో కొంత ఉండి ఉంటుంది.

తిండి విషయంలో వాళ్లది మొండిపట్టు. ఆవు లేదా ఎద్దు తుంటి భాగంలోంచి మందంగా కోసిన ముక్క. నూరేది లేదు, నానబెట్టేది లేదు, పులుసు లేదు. నిప్పు మీద గ్రిల్లు, దాని మీద ముక్క, అంతే. వేడి వేడిగా తగరపు పళ్లాల్లో వచ్చేది. పక్కన కాల్చిన బంగాళాదుంప, ఉల్లిపాయ, బీట్‌రూట్. చివర్లో నిప్పు మీద కరిగించిన చీజ్. తాగడానికి పోర్ట్ వైను, పోర్టర్ బీరు, ఆ తర్వాత పంచ్. పది రకాలు వడ్డిస్తే తప్ప విందు అనుకోని మన కంటికి ఇది బీదగా అనిపించవచ్చు. కానీ ఆ బీదతనం కావాలని తెచ్చుకున్నది. ఫ్రెంచి వంటవాళ్లను పెట్టుకుని సాసుల్లో ముంచిన వంటకాలు తినడం అప్పట్లో లండన్ ధనికుల దర్జా. దాని మీద విసురు ఇది.

ఆ విసురును అందరికంటే గట్టిగా బొమ్మ కట్టినవాడు తొలి సభ్యుల్లో ఒకడైన విలియం హోగార్త్. 1748లో ఫ్రాన్స్ వెళ్లి కాలే రేవులో కోట గుమ్మం బొమ్మ గీసుకుంటుంటే గూఢచారి అనుకుని పట్టుకున్నారు. విడిచిపెట్టి ఇంటికి పంపాక ఆయన పగ తీర్చుకున్న తీరు ‘గేట్ ఆఫ్ కాలే’ అనే చిత్రం. నడిమధ్యన ఒకడు పెద్ద గొడ్డుమాంసం కండ మోసుకెళ్తుంటాడు. బొద్దు సన్యాసి ఒకాయన దాన్ని వేలితో నొక్కి చూస్తాడు. బక్కచిక్కిన ఫ్రెంచి సిపాయిలు నీళ్ల సూపు పట్టుకుని నోరెళ్లబెడతారు. ఒక మూల హోగార్త్ బొమ్మ గీస్తూ ఉంటాడు, ఆయన భుజం మీద అరెస్టు చేసే చెయ్యి. చిత్రంలో గొప్పతనం ఉంది, అందులోని దేశభక్తి మాత్రం పొట్టలోంచి వచ్చిన రకం.

కానీ ఈ సంఘాన్ని అంతకాలం నడిపింది మాంసం కాదు, వరసలు చెరిపేసే వేళాకోళం. కొత్తగా చేరేవాడి కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చేవారు. నాటకశాల సామాన్లలోంచి తెచ్చిన ఈటెలు పట్టుకుని ఇద్దరు భటులు. పాదిరీ టోపీ పెట్టుకున్న ఒక సభ్యుడు ‘బిషప్’. ప్రమాణం అయ్యాక పుస్తకాన్ని ముద్దుపెట్టుకోవాలి. పెదాలకు తగిలేది మాత్రం గొడ్డు ఎముక. అక్కడితో అయిపోదు. ఆఖరున చేరినవాడి పదవి పేరు ‘బూట్స్’. సత్రంలో అతిథుల బూట్లు తుడిచే కుర్రాడికి ఉండే పిలుపు అది. నేలమాళిగ నుంచి వైను తేవడం, సీసాల్లోంచి వంపడం, చెప్పిన పనల్లా చేయడం అతగాడి వంతు. తర్వాతి కొత్తవాడు వచ్చేదాకా విడుదల లేదు. రాజుగారి కొడుకైన ససెక్స్ డ్యూక్ 1808లో చేరినప్పుడు ఆయనా ఈ ఊడిగం చేశాడు. తప్పు చేసినవాడికి టేబుల్ మీది తెల్లగుడ్డ చుట్టి నిలబెడితే ‘రికార్డర్’ అనే పదవిలో ఉన్నవాడు నలుగురిలో చీవాట్లు పెట్టేవాడు. ఆ చీవాట్లకు బిరుదులు అడ్డం కావు.

యువరాజు, అంటే తర్వాత నాలుగో జార్జ్ అయిన మనిషి, 1785లో చేరతానన్నాడు. ఖాళీ లేదు. గౌరవ సభ్యత్వం ఇస్తామంటే ఆయనకు నచ్చలేదు. చివరికి సంఖ్యను ఇరవై అయిదు చేశారు. రాజ్యానికి వారసుడి కోసం ఒక కుర్చీ పెరిగింది, అంతకంటే ఎక్కువ లొంగలేదు.

ఆడవాళ్లకు ఆ బల్ల దగ్గర చోటు లేదు. డబ్లిన్‌లో మాత్రం నాటకశాల నడిపే థామస్ షెరిడన్ పెట్టిన బీఫ్‌స్టేక్ క్లబ్బుకి అధ్యక్షురాలు పెగ్ వాఫింగ్టన్ అనే నటి. అందులో ఆడమనిషి ఆవిడొక్కతే. ఆ విందులు ప్రభుత్వ పక్షానివన్న పేరు రావడంతో ఊళ్లో కడుపుమంట పెరిగింది. 1754లో జనం ఆ నాటకశాల లోపలంతా విరగ్గొట్టారు.

లండన్ బల్ల మీద రాజకీయం మరో రకంగా పేలింది. 1762 నవంబరులో ఇరవై రెండేళ్ల జేమ్స్ బాస్వెల్ అతిథిగా వెళ్లి, కోవెంట్ గార్డెన్ మేడ మీది గదిని, అధ్యక్షుడి కుర్చీ పైన బంగారు అక్షరాల్లో ఉన్న నినాదాన్ని, బల్ల చుట్టూ ఉన్నవాళ్లను డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ అచ్చయింది 1950లో. ఆ రోజు అధ్యక్ష పీఠంలో శాండ్‌విచ్ ప్రభువు, రెండు రొట్టెముక్కల మధ్య మాంసానికి పేరిచ్చిన ఆయనే. బల్ల దగ్గర గాయకుడు జాన్ బియర్డ్. రిచ్ పోయాక నాటకశాల నడుపుతున్న ఆయన అల్లుడు. కవి చార్లెస్ చర్చిల్. ప్రభుత్వాన్ని పత్రికలో చీల్చి చెండాడుతున్న పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్. అందరూ ఒకే గ్రిల్లు మీది ముక్కలు తింటున్నారు.

సరిగ్గా ఏడాదికి, 1763 నవంబరులో, శాండ్‌విచ్ మంత్రి హోదాలో ప్రభువుల సభలో లేచి, విల్క్స్ స్నేహితుల కోసం గుట్టుగా అచ్చు వేయిస్తున్న బూతు కవిత ఒకటి చదివి వినిపించాడు. స్నేహితుడి మీద రాజ్యం తరఫున వేసిన దెబ్బ అది. శాండ్‌విచ్ నడవడి తెలిసినవాళ్లకి ఆయన నోట నీతి వినడం మరీ చేదు. సంఘం ఆయన్ని బయటికి గెంటిందని సమకాలికుడు హొరేస్ వాల్‌పోల్ రాశాడు. అదే రోజుల్లో కోవెంట్ గార్డెన్‌లో ‘బెగ్గర్స్ ఒపెరా’ ఆడుతోంది. అందులో జెమ్మీ ట్విచర్ అనే దొంగ తన జట్టు నాయకుణ్ణి పట్టిస్తాడు. వాడి ద్రోహానికి నాయకుడు ఆశ్చర్యపోయే ఘట్టం రాగానే ప్రేక్షకులు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ రోజు నుంచి శాండ్‌విచ్ చచ్చేదాకా జెమ్మీ ట్విచరే. పైఅంతస్తు బల్ల మీది తగవుకి కింద రంగస్థలం పేరు పెట్టిందన్నమాట. విల్క్స్ దేశం విడిచి పారిపోయాడు. విప్లవకారుడికీ మంత్రికీ ఒకే పళ్లెం అన్న సరదా ఎంతవరకు చెల్లుతుందో ఆ ఏడాదితో తేలింది.

తర్వాతి తరం అంత ప్రమాదకరం కాదు, ఆకలి మాత్రం ఎక్కువ. పదకొండో నార్‌ఫోక్ డ్యూక్ ఒకే పూట వరసగా స్టేకులు లాగించేవాడు. స్నానమంటే ఆయనకు గిట్టదు, తాగి పడిపోయినప్పుడే పనివాళ్లు ఒళ్లు తోమేవారని చెప్పుకునేవారు. ఆయన పక్కన కూర్చునే కెప్టెన్ చార్లెస్ మోరిస్ 1785లో చేరాడు. సంఘానికి ఆస్థానకవి, పంచ్ కలపడంలో సిద్ధహస్తుడు. అర్ధశతాబ్దం పాటు పాటలు కట్టి పాడాడు. అన్నేళ్లూ డ్యూకుల్ని రంజింపజేసినా చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు. ఒక రాత్రి నటుడు జాన్ కెంబుల్ వైను ఇచ్చిన ధైర్యంతో నార్‌ఫోక్‌ని నిలదీశాడట, ఇంత ఆస్తి ఉండి ఈ మనిషికి ఏం చేశావని. డ్యూక్ కోప్పడలేదు. సర్రే జిల్లా బ్రాకమ్‌లో మోరిస్‌కి ఒక ఇల్లు ఇచ్చాడు. పల్లెటూరంటే పడదని పాటల్లో ఎగతాళి చేసిన కవి ఆ పల్లెలోనే 1838లో తొంభై దాటాక పోయాడు.

1808 సెప్టెంబరు 20న కోవెంట్ గార్డెన్ నాటకశాల కాలిపోయింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. సంగీతకారుడు హాండెల్ ఆర్గన్ కాలింది, స్టేకుల వైను నిల్వలన్నీ పోయాయి. మొదటి నుంచీ వాడిన ఇనుప గ్రిల్లు మాత్రం బూడిదలోంచి బయటపడింది. బెడ్‌ఫోర్డ్ కాఫీ హౌస్‌లో కొన్నాళ్లు తలదాచుకుని, శామ్యూల్ ఆర్నాల్డ్ నడిపే లైసియం నాటకశాలకు మారారు. 1830లో అదీ కాలింది. గ్రిల్లు మళ్లీ దక్కింది. మళ్లీ కాఫీ హౌస్. 1838లో కొత్త లైసియంలో వాళ్లకోసమే ఓక్ చెక్క తాపిన గది సిద్ధమైంది. గదికీ వంటింటికీ మధ్య గోడ లేదు, గోడంత గ్రిల్లు ఉంది. దాని చువ్వల సందుల్లోంచి వంటవాళ్లు ముక్కలు తిప్పడం కనిపించేది. దాని పైన మాక్‌బెత్ నాటకంలోని పంక్తి ఒకటి చెక్కించారు. రాజును చంపాలా వద్దా అని కొట్టుమిట్టాడుతూ, చేస్తే త్వరగా చేసేయాలి అని మాక్‌బెత్ అనుకునే చోటు అది. హత్య మాటను వంటకు తగిలించడం నాటకాల వాళ్లకే చెల్లింది. పాత గ్రిల్లు గది కప్పు నుంచి వేలాడుతూ ఉండేది.

రెండు అగ్నిప్రమాదాలు తట్టుకున్న సంఘాన్ని గడియారం దెబ్బతీసింది. మొదట్లో భోజనం మధ్యాహ్నం. లండన్ పెద్దింటి అలవాట్లు జరిగే కొద్దీ అదీ జరుగుతూ జరుగుతూ రాత్రిలోకి వచ్చింది. రైళ్లు వచ్చాక కలిగినవాళ్లు శనివారం ఊళ్లో ఉండడం మానేసి పల్లెల్లోని బంగళాలకు వెళ్లసాగారు. పాల్ మాల్ వీధిలో పెద్ద పెద్ద క్లబ్బులు వెలిశాయి. అక్కడ ఏ రోజైనా, ఏ వేళైనా తినొచ్చు, ఎవరూ ఎవరి చేతా వైను మోయించరు. చివరి రోజుల్లో అంత పెద్ద బల్ల దగ్గర ఇద్దరో ముగ్గురో కూర్చునేవారు. 1867లో మూసేశారు. 1869లో కుర్చీలు, గ్లాసులు, బ్యాడ్జీలు క్రిస్టీస్ వారి వేలంలో అమ్ముడయ్యాయి.

ఆ గది మాత్రం ఊరుకోలేదు. 1878లో లైసియం పగ్గాలు పట్టిన మహానటుడు హెన్రీ ఇర్వింగ్, పాత సామాన్లు కుక్కి ఉన్న దాన్ని ఖాళీ చేయించి, ఆట ముగిశాక అర్ధరాత్రి విందులు మొదలుపెట్టాడు. అతిథుల్ని చూసుకునే బాధ్యత ఆయన మేనేజరు బ్రామ్ స్టోకర్‌ది. 1890లో ఆ బల్ల దగ్గరికి వచ్చినవారిలో హంగరీ పండితుడు ఆర్మీనియస్ వాంబెరీ ఒకరు. ఏడేళ్ల తర్వాత స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’లో, బుడాపెస్టుకు చెందిన ఆర్మీనియస్ అనే మిత్రుడి ప్రస్తావన ఉంది. వాళ్లిద్దరూ ఆ రాత్రి రక్తపిశాచుల గురించే మాట్లాడుకున్నారని చాలామంది రాస్తారు గానీ, దానికి ఆధారం లేదు.

ఈలోగా 1876లో నాటకాల వాళ్లే మరో బీఫ్‌స్టేక్ క్లబ్బు పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది, ఇర్వింగ్ స్ట్రీట్‌లో. ఒకే పొడవాటి బల్ల, వచ్చినవాడు ఖాళీ ఉన్న కుర్చీలో, పక్కన ఎవరుంటే వాళ్లతో మాట్లాడుతూ తినాలి. వడ్డించేవాళ్లందరినీ చార్లెస్ అనే పిలుస్తారు, వాళ్ల అసలు పేర్లేవైనా సరే. ఒకప్పటి స్టేకులు డ్యూక్ చేత వైను మోయించారు. వీళ్లకు వడ్డించే మనిషి పేరు గుర్తుపెట్టుకోవడం కూడా భారమైంది.