వంశధార వెంట, గిడుగు వారి జాడలో

విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లు మడపాం దగ్గర వంశధారను దాటుతారు. వేసవిలో అయితే ఇసుక మేటలు, వాటి మధ్య పాయలుగా నీళ్లు తప్ప అక్కడ బండి ఆపించేంత విశేషమేమీ కనిపించదు. శ్రీకాకుళం వచ్చినవాళ్లు అరసవల్లిలో సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని, శ్రీకూర్మం చూసుకుని తిరుగుముఖం పడతారు. తప్పని అనను. కానీ ఈ జిల్లా పాత చరిత్ర రోడ్డు పక్కన లేదు, ఏటి పక్కన ఉంది. ఆ వంతెనకు ఎగువన గాంగ రాజుల రాజధాని ఉంది. దిగువన బౌద్ధుల కొండ, అదీ దాటితే ఒకప్పటి ఓడరేవు. ఏటి వెంట పైనుంచి కిందికి వస్తే వెయ్యేళ్లకు పైబడిన కథ వరసగా ఎదురవుతుంది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులంటే అందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగానికి దగ్గర్లో ఉంది. విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో నెలకు ముప్పై రూపాయల జీతానికి బడిపంతులుగా చేరాడు. పిల్లలకు చరిత్ర పాఠం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో ఉన్నది వల్లె వేయిస్తే సరిపోయేది. ఆయన అలా సరిపెట్టుకోలేదు. ముఖలింగం గుళ్లలోని శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నాడు. గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడన్న వాదం అప్పట్లో నడుస్తోంది. అది ముఖలింగమేనని ఆధారాలతో రాసింది ఈ పంతులే.

నరసన్నపేట దాటి లోపలికి తిరిగి, పొలాల మధ్య నుంచి ముఖలింగం చేరాక మొదట మధుకేశ్వరాలయంలోకి వెళతాం. ఉపాలయాలతో, వంపు తిరిగిన శిఖరాలతో చూడగానే భువనేశ్వరం గుర్తొస్తుంది. నిజానికి కళింగ వాస్తులో ఇది పాత తరం కట్టడాల్లో ఒకటి. ఇక్కడి నుంచి ఏలిన వంశంలోనే అనంతవర్మ చోడగంగదేవుడు పుట్టాడు. పూరీలో ఇవాళ మనం చూసే జగన్నాథాలయానికి పూనుకున్నదీ, రాజధానిని కటకానికి మార్చిందీ ఆయనే. రాజధాని వెళ్లిపోయింది, గుళ్లు మిగిలాయి.

గర్భగుడిలో ఉన్నది నునుపైన మామూలు శివలింగం కాదు. మొదలంటా నరికిన చెట్టు మోడులా ఉంటుంది. ఇక్కడివాళ్లు చెప్పే కథ ప్రకారం ఒక సవర గిరిజన నాయకుడి ఇద్దరు భార్యల మధ్య ఇప్ప చెట్టు విషయంలో తగువు వచ్చింది. చిన్నామె వంతు కొమ్మ నుంచి రాలిన పూలు బంగారమయ్యాయి. గొడవ ముదిరి నాయకుడు చెట్టు మీద గొడ్డలి వేయగానే అందులోంచి శివుడు కనిపించాడు. పెద్ద రాజవంశం కట్టించిన గుడికి అడవి మనిషి కథ మూలమవడం నాకు భలే నచ్చుతుంది. శాసనాల కోసం ఈ గుడికొచ్చిన గిడుగు వారే ఆ తర్వాత సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాలని పట్టుబట్టారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు.

మధుకేశ్వరుణ్ణి చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. భీమేశ్వరుడి గుడి దగ్గర్లోనే ఉంది. ఊరి చివర విడిగా నిలబడ్డ సోమేశ్వరాలయం మాత్రం తప్పక చూడాలి. ముందు మండపం లేదు, ప్రాకారాల హడావిడి లేదు, ఒక్క విమానమే. గోడల మీది శిల్పాలను నాలుగు వైపులా తీరిగ్గా తిరిగి చూడొచ్చు. నా ఓటు దీనికే. సాయంత్రం ఏటవాలు ఎండ పడినప్పుడు చెక్కడం లోతు బాగా తెలుస్తుంది.

దిగువకు వచ్చే దారిలో, ఏటికి అవతల, సరుబుజ్జిలి మండలంలో దంతపురి ఉంది. ఊళ్లో వాళ్లు దంతవక్త్రుని కోట అంటారు. కోట అనగానే రాతి బురుజులు ఊహించుకుంటే నిరాశ తప్పదు. మిగిలింది మట్టి కట్ట. బుద్ధుడి దంతాన్ని కళింగ రాజధాని దంతపురంలో పూజించేవారనీ, యుద్ధం వచ్చినప్పుడు రాజకుమారి హేమమాల దాన్ని సింహళానికి చేర్చిందనీ పాళీ గ్రంథం దాఠావంశం చెబుతుంది. ఆ దంతపురం ఇదేనంటారు. పూరీ అనేవాళ్లున్నారు, బెంగాల్‌లోని దంతన్ అనేవాళ్లూ ఉన్నారు. తగువు తేలేది కాదు. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు కట్ట ఎక్కి ఒకసారి చుట్టూ చూసి రావచ్చు, మిగతావాళ్లు నేరుగా శాలిహుండం వెళ్లడం మేలు.

శాలిహుండం గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న బౌద్ధుల కొండ. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మళ్లీ గిడుగు వారే. అదే ఏడాది ఆయన వాడుక భాష కోసం ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. ఒక పక్క పండితులతో పోరు, ఇంకో పక్క ఇటుకల గుట్టల మధ్య వెతుకులాట. ఏటా ఆగస్టులో ఆయన పటానికి దండలు వేసే మనం పిల్లల్ని బస్సెక్కించి ఈ కొండకు తీసుకొస్తే ఇంకా బాగుండును.

మెట్ల దారిన పైకి వెళుతుంటే ఇటు అటు చిన్న స్తూపాలు, చైత్యాలు, కొండ నెత్తిన మహాస్తూపం. ఇక్కడి ఇటుక కట్టుబడిని దగ్గరకు వెళ్లి చూడాలి. గుండ్రటి గోడ లోపల, నడుమ నుంచి అంచుకు బండి చక్రానికి ఆకులు వేసినట్టు అడ్డుగోడలు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. పైనుంచి చూస్తే చక్రం. బౌద్ధుడికి అది ధర్మచక్రం, తాపీ మేస్త్రికి ఇటుక ఆదా. బరువు అన్ని వైపులకూ సమంగా పంచుకునే ఉపాయం కూడా అందులోనే ఉంది.

క్రీస్తు పూర్వం నుంచి శతాబ్దాల పాటు సాగిన ఈ ఆరామంలో బౌద్ధం మారుతూ వచ్చిన తీరంతా కనిపిస్తుంది. తొలినాళ్లలో బొమ్మ లేని స్తూపం. చివరికొచ్చేసరికి తార, మారీచి వంటి వజ్రయాన దేవతల విగ్రహాలు. మారీచి వెలుగు దేవత, ఆమె రథాన్ని లాగేవి పందులు. ఇక్కడికి ఎంతో దూరం లేని అరసవల్లిలో సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు. ఒకే ఉదయకాంతికి ఒక చోట గుర్రాలను, ఒక చోట పందులను పూన్చారు! అరసవల్లికి వచ్చే భక్తుల్లో పదో వంతు మంది ఈ కొండెక్కినా శాలిహుండం దశ తిరుగుతుంది.

కొండ మీది నుంచి చూస్తే భిక్షువులు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. కింద ఏరు, కనుచూపు మేరలో సముద్రం, ఆ రెండూ కలిసే చోట కళింగపట్నం. రేవు మీద వచ్చే వర్తకుల దానాలతోనే ఇలాంటి ఆరామాలు బతికాయి. తెల్లవాళ్ల కాలం దాకా ఓడలు ఆగిన ఆ రేవుకు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు–కలకత్తా రైలు మార్గం గండి కొట్టింది. పట్టాలు లోపలగా ఆమదాలవలస మీదుగా వెళ్లాయి, సరుకూ అటే వెళ్లింది. ఇప్పుడు అక్కడ ఒక దీపస్తంభం, దర్గా, పడవలు, పొడవైన ఇసుక తీరం. ఏరు కలిసేచోట ఈతకు దిగొద్దు, ప్రవాహం నమ్మదగింది కాదు.

ఇంకా ఓపిక ఉంటే ఉత్తరంగా టెక్కలి వెళ్లండి. దగ్గర్లోనే రావివలసలో కప్పు లేకుండా ఎండకూ వానకూ నిలిచిన ఎండల మల్లికార్జునుడు ఉన్నాడు. ఆ పక్కనే తేలినీలాపురం. శీతకాలంలో ఈ పల్లెలో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. కింద రెట్ట వాసన, చేపల నీచు, పిల్లల అరుపులు. ఊరివాళ్లు విసుక్కోరు. అవి వస్తేనే ఊరికి మంచిదని నమ్మకం, వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. సైబీరియా నుంచి వచ్చాయని అందరూ చెబుతారు గానీ ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియాల్లోనే గూళ్లు కట్టుకుని బతికేవి. 2021–22 చలికాలంలో పరాన్నజీవులు సోకి ఇక్కడ గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చెట్లను కాపాడినంత మాత్రాన చాలదు, అవి చేపలు పట్టే చెరువులనూ చూసుకోవాలి.

నవంబరు నుంచి జనవరి దాకా ప్రయాణానికి అనువైన కాలం. శివరాత్రికి వంశధారలో చక్రతీర్థ స్నానాల కోసం ఆంధ్ర, ఒడిశాల నుంచి జనం పోటెత్తుతారు కనుక శిల్పాల కోసమైతే ఆ రోజుల్లో ముఖలింగం వెళ్లొద్దు. ఉదయాన్నే శాలిహుండం ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగి, సాయంత్రానికి సోమేశ్వరాలయం చేరేలా చూసుకోండి. కొండ మీద నీడ తక్కువ, తాగే నీళ్లు, తిండి వెంట ఉంచుకోవాలి. తేలినీలాపురానికి మర్నాడు పొద్దున్నే వెళ్తే పక్షులు మేతకు బయల్దేరేటప్పుడు చూడొచ్చు.