రజాకార్ల జ్ఞాపకమా, పోలీసు లీకులా?

హైదరాబాద్ నాచారంలో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసిన ముస్లిం తన పేరు చెప్పగానే ‘ఇల్లు ఇచ్చేశామండీ’ అనే జవాబు వస్తుంది. బోర్డు మాత్రం మర్నాడూ గేటుకే వేలాడుతుంటుంది. ఇదంతా రజాకార్ల కాలం నాటి గాయమని సర్దిచెప్పడం మన వ్యాసకర్తలకు అలవాటు. నల్గొండ నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన కుటుంబాల్లో ఆ గాయం నిజమే, కాదనను. కానీ 1948 ఆగస్టులో రజాకార్లకు ఎదురు రాసి హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. ఆ జ్ఞాపకం మనకు ఎందుకు మిగల్లేదు?

నా దృష్టిలో అసలు మలుపు 2007. మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు చనిపోయారు. చనిపోయినవాళ్లు నమాజుకు వచ్చినవాళ్లయితే, పట్టుబడ్డవాళ్లు పాతబస్తీ కుర్రాళ్లు. విచారణ మొదలుకాకముందే పోలీసుల లీకులు పతాక శీర్షికలయ్యాయి. కేసు నిలవలేదు. 2012 జనవరిలో ప్రభుత్వం డెబ్బైమందికి సత్ప్రవర్తన పత్రాలిచ్చింది. ఇరవైమందికి 3 లక్షలు, యాభైమందికి 20 వేల చొప్పున పరిహారం కూడా. మరుసటి ఏడాది ఆ పరిహారాన్నీ హైకోర్టు కొట్టేసింది. తర్వాత ఇదే కేసులో నిందితులైన హిందుత్వవాది అసీమానంద్ సహా అయిదుగురూ 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా బయటికొచ్చారు. మక్కా మసీదు మృతులకు ఈనాటికీ దోషి లేడు.

ఒక మాట ఒప్పుకోవాలి. 2007 ఆగస్టు 25 నాటి గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో ఇండియన్ ముజాహిదీన్ వాళ్లకు శిక్షలు పడ్డాయి. అవి సాక్ష్యాలతో తేలిన నేరాలు. ఆ తీర్పును పక్కింటి కుర్రాడి మీద రుద్దడమే నా అభ్యంతరం.

2020లో కరోనాను వ్యాప్తి చేశారంటూ తబ్లిగీ జమాత్ మీద టీవీలు చేసిన ప్రచారాన్ని ఆ ఆగస్టులోనే బాంబే హైకోర్టు తప్పుపట్టింది. అయినా అనుమానించే అలవాటు పోలేదు.

2023 జనవరి 18న ఉప్పల్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద మహమ్మద్ సిరాజ్ నాలుగు వికెట్లు తీశాడు. ఆటోడ్రైవర్ కొడుకు కోసం సొంతూరి జనం గొంతు పోయేలా అరిచారు. నెల తిరక్కుండానే, హోటల్లో బొట్టు పెట్టించుకోని వీడియో చూసి అతన్నీ సహచర ఆటగాడు ఉమ్రాన్ మాలిక్‌నూ తిట్టిపోశారు. అదే వీడియోలో జట్టు సిబ్బందిలోని విక్రమ్ రాథోడ్, హరిప్రసాద్ మోహన్ కూడా బొట్టు వద్దన్నారు. వాళ్లనెవరూ అడగలేదు.