వెనక సీటు చరిత్ర

1974లో బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చదువుతున్న సుధా కులకర్ణి కంటికి టెల్కో ఉద్యోగ ప్రకటన ఒకటి పడింది. ఆడవాళ్ళు దరఖాస్తు చెయ్యనక్కర్లేదని అందులో ఉంది. ఆమె జె.ఆర్.డి. టాటాకి పోస్టుకార్డు రాసింది, ఉద్యోగం సంపాదించింది. తర్వాత సుధామూర్తిగా పేరు పొందిన ఆమె ధైర్యం గురించి చాలాసార్లు విన్నాం. ఆ ప్రకటన రాసిన కంపెనీ స్వభావం గురించి మాట్లాడుకున్నది తక్కువ.

1945లో రైలింజన్ల కోసం పుట్టి, 1954 నుంచి లారీలు తయారుచేసిన సంస్థ అది. దాని కొనుగోలుదారు లారీ యజమాని. ఇల్లు దాని ఊహలో లేదు. 1991లో సియెర్రాతో కార్లలోకి దిగినా, మధ్యతరగతి గుమ్మం ముందుకొచ్చింది మాత్రం 1998లో, ఇండికాతో. హైదరాబాదులో రాత్రి షిఫ్టు అమ్మాయిల్ని ఇంటి దగ్గర దింపే క్యాబ్ కూడా అదే అయింది. 2003లో టెల్కో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది.

2009లో లక్ష రూపాయల నానో వచ్చింది. దాని వెనక రతన్ టాటా చెప్పిన దృశ్యం మనకు తెలిసిందే: స్కూటరు నడిపే భర్త, ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనక చంటిబిడ్డతో భార్య. జాలి నిజమే. కానీ ఆ ఊహలోనూ ఆమెది వెనక సీటే.

ఆ కారు కోసం 2006లో పశ్చిమ బెంగాల్లోని సింగూరులో 997 ఎకరాలు సేకరించారు. ఆడవాళ్ళు ముందుండి ఎదిరించారు. 2008లో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోయింది. 2016లో సుప్రీంకోర్టు సేకరణను కొట్టేసి, భూమి రైతులకు తిరిగిమ్మంది. పట్టా లేని కూలి స్త్రీకి తిరిగి రావడానికి ఏముంది?

నానోని జనం కూడా ఆదరించలేదు. ఏటా రెండున్నర లక్షలు తయారుచేయగల ఫ్యాక్టరీ నుంచి ఏ ఏడూ 80 వేల కార్లు అమ్ముడుపోలేదు. అతి చౌక కారని ప్రచారం చేయడమే పొరపాటని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నాడు. పేదరికాన్ని గుమ్మం ముందు నిలబెట్టుకోవాలని ఎవరనుకుంటారు?

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో నానోకి ఒక్క నక్షత్రం రాలేదు. 2018లో అదే పరీక్షలో అదే కంపెనీ నెక్సాన్‌కి అయిదొచ్చాయి. చౌకదనం బదులు భద్రత ఆకర్షణగా మారింది. ఈ మార్పు మంచిదే. అయితే ఆ పరీక్షలో ముందు సీట్లలో కూర్చోబెట్టిన రెండు బొమ్మలూ సగటు మగవాడి కొలతలవే.